హార్మోనియం కొట్టులో ఆ వేసవి

మా అమ్మాయి కూతురు ఈ ఏడాది పదో తరగతి పరీక్షలు రాసి వచ్చిన మర్నాడే, మలికిపురంలో బ్యాటరీ స్కూటర్లు బాగుచేసే షెడ్డులో అప్రెంటిస్‌గా చేరతానని ఇంట్లో చెప్పేసింది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగస్తులు, పిల్లకోసం హాస్టలున్న కాలేజీ ఒకటి అప్పటికే చూసిపెట్టుకున్నారు, ఇంక ఆ పూట ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదట. చివరికి ఆ పిల్ల నాకు ఫోను చేసి, అమ్మమ్మా, నువ్వూ బడి చదువు అవగానే పనిలోనే చేరావు కదా, ఆ పని మనకు సరిపడేదో కాదో ముందే ఎలా తెలుస్తుంది అని అడిగింది. ఆలోచించి చెబుతానని ఫోను పెట్టేశాను గాని, ఆలోచన ఎక్కడ సాగుతుంది, మనసు తిన్నగా రాజోలులోని ఆ పాత హార్మోనియం కొట్టులోకి వెళ్ళి కూర్చుంది.

మా నాన్నగారు బడిపంతులు. ఆదివారాలు మా ఊరి చర్చిలో హార్మోనియం వాయించే పని నాది. మన వైపు వానాకాలం సంగతి మీకు తెలుసు కదా, చెక్క ఉబ్బిపోతుంది, ఇత్తడికి చిలుము పడుతుంది, అలాంటి ఒక వానాకాలంలో మా హార్మోనియంలో ఒక మెట్టు పూర్తిగా మూగబోయింది. నాన్నగారు దాన్ని బాగుచేయించడానికి రాజోలు కొట్టుకు తీసుకెళుతూ నన్నూ వెంటబెట్టుకెళ్ళారు. కొట్టు పెద్దాయన మూత విప్పేవరకు, పాట ఆ తెల్ల మెట్లలోంచే పుడుతుందని నా నమ్మకం. లోపల చూస్తే వరసగా సన్నటి ఇత్తడి రేకులు, వాటినే రీడ్లంటారు, తిత్తిలోంచి గాలి వచ్చినప్పుడు అవి వణికితేనే స్వరం. ఒక రీడుకు ఏదో పురుగు రెక్క అడ్డం పడింది, అంతే! అంత పెద్ద చర్చి పాటకు గండికొట్టింది ఈ రెక్కా అని నాకు నవ్వు ఆగలేదు. నవ్వు తగ్గాక, మిగిలిన రేకుల్లో ఏముందో చూడాలన్న కోరిక మాత్రం తగ్గలేదు.

అప్పట్లో పరీక్షలు రాశాక ఫలితాలు పేపర్లో పడేవరకు పిల్లల్ని ఏ పనీ లేకుండా వదిలేసేవారు. బడి చదువు పూర్తయిన ఆ వేసవిలో, ఫలితాలు వచ్చేదాకా ఆ కొట్టులో కూర్చుని పని చూస్తానని నాన్నగారిని బతిమాలాను. పెద్దాయన ఇల్లూ కొట్టూ ఒకటే, ఆయన భార్య ఎప్పుడూ లోపలే ఉంటారు కాబట్టి నాన్నగారు సరేనన్నారు. టీచర్ ట్రైనింగుకు పంపే ముందు ఈ సరదా కూడా తీరిపోతుందని ఆయన లెక్క.

సరదా తీరలేదు. రీడు కొసన ఆకురాయితో కాస్త గీరితే స్వరం పైకి లేస్తుంది, మొదలు దగ్గర గీరితే కిందికి దిగుతుంది. ఇది తెలిసిన ఆనందంలో నేను కొస గీరి, ఎక్కువైందని మొదలు గీరి, తగ్గిందని మళ్ళీ కొస గీరి, ఆ రీడును ఉల్లిపొర చేసి టప్పున విరిచేశాను. పెద్దాయన ఆ ముక్కలు ఏరి నా చేతిలో పెట్టారు. నేర్చుకునేవాళ్ళు పాడుచేసిన రీడు పారేయకుండా వాళ్ళకే ఇచ్చి పంపడం ఆ కొట్టు పద్ధతట.

"ఇంటికి పట్టుకెళ్ళి చూసుకోండి అమ్మాయిగారూ. చూడబుద్ధి కాకపోతే రేపు రావక్కర్లేదండి," అన్నారు.

చూడబుద్ధి కాకపోవడమా! బస్సులో చూశాను, అన్నం తింటూ చూశాను, ఎక్కడ పలచబడిందో గోటితో తడిమి తడిమి చూశాను. నాకు నా పని దొరికిందని ఆ రోజే తెలిసిపోయింది.

అయితే ఇంట్లో మా మామ్మ ఉంది, నాన్నగారి తల్లి. ఐనవిల్లి వైపు చేలల్లో ఊడ్పులకూ కోతలకూ వెళ్ళి నాన్నగారిని పంతుల్ని చేసిన మనిషి. చిలుము పట్టి నల్లబడ్డ నా వేళ్ళు చూసి, "చేతుల్తో చేసే కష్టం నాతో అయిపోవాలనే కదే మీ నాన్నని చదివించేను," అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాన్నగారు తల్లి మాట జవదాటరు, ఆమెను ఏడిపించి గడప దాటే ధైర్యం నాకూ లేదు. మామ్మ కాదంటే ఆ కొట్టు నాకు మరి లేనట్టే.

ఫలితాలు వచ్చాయి, పాసయ్యాను. ఆ సాయంత్రం మామ్మ నన్ను నూతి దగ్గర కూర్చోబెట్టుకుని చింతపండుతో నా వేళ్ళు తోమడం మొదలుపెట్టింది. తోముతూనే అడిగింది.

"ఆ పని వంగుని చేసేదా, కూచుని చేసేదా?"

"కూచునే మామ్మా."

"ఎండలోనా?"

"కాదు మామ్మా, నీడపట్టునే."

"వాన కురిసినా?"

"లోపలే కదా."

మామ్మ నా చేతులు కొంగుతో తుడిచి, నడుము పట్టుకుని మెల్లగా లేచింది. ఆమె నడుము అప్పటికి పూర్తిగా నిటారుగా నిలిచేది కాదు. "అయితే వెళ్ళు," అంది. నాన్నగారికి కూడా ఆవిడే చెప్పింది.

పెద్దాయన తర్వాత ఆ కొట్టు చాలాకాలం నేనే నడిపాను. టీచరుగా చేసిన మా చెల్లెలికి పెన్షను వస్తుంది, నాకు రాదు, అది గుర్తొచ్చినప్పుడు చివుక్కుమంటుంది కూడా. అయినా ఆ పనిలో చేరినందుకు ఒక్కనాడూ విచారించలేదు. ఇప్పుడు చర్చిలన్నిటిలో కరెంటు కీబోర్డులు వచ్చాయి, మూత విప్పి చూసే అవసరం ఎవరికీ లేదు. పరీక్షలు ముగిసేసరికే కాలేజీవాళ్ళు గుమ్మంలో నిలబడుతున్నారు, పిల్లలకు ఊరికే కూర్చుని చూసే వేసవీ లేదు.

సంతకం పెట్టడం రాని మా మామ్మకు నన్ను ఏం అడగాలో తెలిసింది. బతుకంతా వంగి వంగి ఆ ప్రశ్న సంపాదించుకుంది. మనవరాలు చెప్పిన షెడ్డులో కుర్చీలున్నాయి, ఫ్యాన్లున్నాయి, వాళ్ళు చూసిన కాలేజీలో గదులు ఇంకా చల్లగా ఉంటాయట. ఎటు వెళ్ళినా ఆ పిల్లకు ఎండా లేదు, వానా లేదు. దాన్ని ఏం అడగాలో తెలిసేంత కష్టం, మా మామ్మ పుణ్యమా అని, నేను పడనే లేదు.