దయ్యాల షోకి నేను వేసిన మార్కులు

నా బతుకులో తెలివితక్కువ పనులకు కొదవ లేదు కానీ, వీధి వీధినంతా అర్ధరాత్రి మా ఇంటి మీదికి రప్పించుకున్నది మాత్రం ఒక్కసారే. ఆ ఘనకార్యం చెప్తాను, నవ్వుకోండి. అప్పటి నన్ను తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది.

అప్పుడు నేను నారాయణగూడలో ఒక ఎఫ్ఎం స్టేషన్లో పని చేసేవాణ్ని. రాత్రిపూట దయ్యాల షో ఒకటి వచ్చేది. జనం ఫోన్ చేసి తమకు కనిపించినవీ వినిపించినవీ చెప్పుకునేవారు. దాన్ని నడిపే ఆయనకు జలుబు చేసి గొంతు పోయింది, ఇక ఈ షో నావల్ల కాదనేశాడు. ఇంకేముంది, ఆ కుర్చీ నాదే అనుకుని అద్దం ముందు బొంగురు గొంతుతో సాధన కూడా మొదలుపెట్టాను. తీరా చూస్తే మా హెడ్ ఆ రాత్రికి స్వప్న అనే అమ్మాయిని పిలిపించాడు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి ముషీరాబాద్‌లో ఉంటున్న మేస్త్రీ కూతురు.

పైగా నాతో, "నువ్వు ఇంట్ల కూసొని మామూలు జనం లెక్క విను. ఎట్ల చేసిందో పొద్దున చెప్పు. నువ్వు బాగుందంటే షో ఆమెకే ఇచ్చేస్త" అన్నాడు.

అంటే బాగాలేదంటే నాకే కదా. నా బుర్ర అంతకంటే ముందుకు పోలేదు.

ఆ రాత్రి అశోక్ నగర్‌లో మా అద్దె ఇంటి డాబా ఎక్కాను. కింద ఉండే ఇంటి ఓనరు సరోజినిగారికి వినపడకుండా నెత్తి మీదుగా తెల్ల దుప్పటి కప్పుకుని, నీళ్ల ట్యాంకు పక్కన నక్కి, షోకి ఫోన్ చేశాను. పిల్ల తికమకపడాలని గొంతు మార్చి ఒక దయ్యాన్ని వదిలాను.

"మేడం, మా డాబా మీద ఎవరో ఏడుస్తున్నారు. నాకు భయంగా ఉంది."

"ఆగు అన్నా, జర నీళ్లు తాగు. నువ్వు యాడున్నవ్?"

ఆ అడిగిన తీరు ఎంత ఆప్యాయంగా ఉందంటే, నేను చెప్తున్నది అబద్ధమన్న సంగతే మరిచిపోయాను. సందు చెప్పాను, గేటు రంగు చెప్పాను, కింద జిరాక్స్ షాపుతో సహా చెప్పాను.

"ఒక్కనివే ఉన్నవా?"

"ఒక్కణ్నే మేడం. తెల్లారేదాకా బతుకుతానో లేదో."

ఇక్కడ నోట మాట రాక నీళ్లు నములుతుందని నా ఆశ. ఆమె తడుముకోనేలేదు. "అశోక్ నగర్ దోస్తులూ, మీరంత సదువుకుంట మేల్కొనే ఉంటరని నాకు ఎరుక. పుస్తకాలు పక్కకు పెట్టి జర ఈ అన్నకు తోడు పోండ్రి" అంది.

మీకు అశోక్ నగర్ తెలుసు కదా. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే కుర్రాళ్లు ప్రతి హాస్టల్లోనూ తెల్లవార్లూ లైట్లు వేసుకుని కూర్చుంటారు. పుస్తకం మూయడానికి ఒక సాకు దొరికితే చాలు వాళ్లకు. సెల్‌ఫోన్ లైట్లతో, చాయ్ ఫ్లాస్కుతో, ఒకడైతే క్రికెట్ బ్యాటుతో మా మెట్లెక్కారు. పైకి రాగానే ట్యాంకు పక్కన తెల్ల దుప్పటి కనిపించింది.

"అగో, ఉన్నది రా" అన్నాడొకడు.

"నేనే, నేనే" అంటూ లేచాను. దుప్పటి లేచి మాట్లాడేసరికి సగంమంది కిందికి ఉరికారు. బ్యాటు ఉన్నవాడు మాత్రం ముందుకొచ్చాడు. వీపు మీద రెండు పడ్డాక గానీ నాకు దుప్పటి తీయాలని తోచలేదు.

సరోజినిగారు చీపురుతో పైకొచ్చి నన్ను ఎగాదిగా చూశారు. "ఏమయ్యా, నీకిదేం రోగం? ముందు కిందికి దిగు, పొద్దున మాట్లాడుకుందాం" అన్నారు. ఫోన్ ఇంకా లైన్లోనే ఉంది. ఇదంతా ఊరంతా విన్నది.

పొద్దున మా హెడ్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "ఇసొంటి షో మన దగ్గర ఎన్నడు రాలే. ఎన్ని మార్కులేస్తవ్?"

"నూటికి నూరు సార్" అన్నాను వీపు తడుముకుంటూ. నిజంగానే బాగా చేసింది. కుర్చీ పోయిందని నా కడుపు మండటం వేరే సంగతి.

"ఆ ఫోన్ చేసినోడు ఎవడో?"

"తెల్వదు సార్. పాపం, మస్తు భయపడ్డడు" అంది పక్కనే నిలబడ్డ స్వప్న, నావైపు చూడకుండా.

సాయంత్రం చిక్కడపల్లిలో స్వప్నతో చాయ్ తాగుతూ, ఉండబట్టలేక అడిగాను. "నీకు అనుమానం రాలేదా?"

"అనుమానమెందుకు అన్నా? స్టూడియోల స్క్రీన్ మీద నీ పేరే పడ్డది. స్టేషనోళ్ల నెంబర్లన్ని అండ్ల ఉన్నయ్ కద."

ఆ నెంబర్లన్నీ అందులో ఎక్కించిన మహానుభావుణ్ని నేనే.

"తెలిసి తెలిసీ కుర్రాళ్లను ఎందుకు పంపావు?"

"నువ్వు నాకు పరీక్ష పెట్టినవ్. నేను గూడ నీకు జర పెట్టిన." ఆమె చాయ్ సాసర్లో పోసుకుని ఊదింది. "కథ మంచిగనే చెప్పినవ్ గని, బ్యాటు వచ్చినంకనే అసలు భయం వచ్చింది. ముప్పై ఐదు మార్కులేస్తున్న. పాసయినవ్ పో."

కాబట్టి పాఠకుల సాక్షిగా, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరికి మార్కులు వేయమన్నా బుద్ధిగా కుర్చీలో కూర్చునే వేస్తాను. ఎంత చలి వేసినా సరే, ఈ జన్మలో దుప్పటి మాత్రం మెడ దాటి పైకి లాగను.