అమ్మకు నేర్పిన ఇంగ్లీషు మాట

హన్మకొండలోని ఒక సూపర్ మార్కెట్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. సరుకుల మీద తేదీలు చూసి, గడువు దాటినవాటిని ఏరి పక్కన పెట్టడం నా పని. బూజు పట్టిన బ్రెడ్డు, ముక్కిపోయిన పిండి, ఉబ్బిన పెరుగు ప్యాకెట్టు, అన్నింటికీ మా దగ్గర ఒకటే మాట: ఎక్స్‌పైర్.

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పల్లెలో ఉండే మా అమ్మకు ఆ మాట నేర్పింది నేనే. ఆమెకు చదువు రాదు. పాత మందు గోలీలు పారేయకుండా దాచుకునేది. "ఎక్స్‌పైర్ అయినయమ్మా, ఇగ పనికిరావు" అని ఊరికి పోయినప్పుడల్లా కసిరేదాన్ని.

ఒకరోజు పత్తి చేలో పురుగుల మందు కొడుతూ మా తమ్ముడు పడిపోయాడు. వరంగల్‌లో పెద్ద దవాఖానకు తెచ్చాం. రెండు రోజులు అమ్మ వార్డు బయట గోడకానుకుని కూర్చుంది. మూడోరోజు మధ్యాహ్నం నేను ఆమెకు టీ తీసుకుని పైకి వచ్చేసరికి, అమ్మ ఒక చిన్న వయసు డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని బతిమాలుతోంది.

"మందు ఎక్స్‌పైర్ అయితే అయింది బిడ్డా, మంచిది రాసియ్యి. నా బిడ్డ పోయి తెస్తది. జర జల్ది ఎక్కియ్యి."

డాక్టరమ్మది ఉత్తరాది. తెలుగు అంతంత మాత్రం. "పేషెంట్ ఎక్స్‌పైర్, అమ్మా" అని మళ్లీ మెల్లగా చెప్పింది.

అమ్మ నా వైపు తిరిగింది. "ఏం మందో అడుగవే."

"మందు కాదమ్మా. తమ్ముడు."

"తమ్ముడేంది?"

"పోయిండమ్మా."

ఆమె ఏడవలేదు. నా మొహం వైపే చూస్తూ అడిగింది.

"ఖరాబైనవాటికి గదనే ఆ మాట అంటరు? నా కొడుకు ఖరాబైండా?"

డాక్టరమ్మకు ఎంత అర్థమైందో తెలియదు, కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది.

సాయంత్రం అంబులెన్సులో ఊరికి బయలుదేరాం. అమ్మ తమ్ముడి కాళ్ల దగ్గర కూర్చుంది. డ్రైవర్ పక్కన మా మేనమామ ఎవరికో ఫోన్ చేస్తున్నాడు.

"పిలగాడు ఎక్స్‌పైర్ అయిండు. తీస్కొస్తున్నం."

"అన్నా," అంది అమ్మ. "సచ్చిపోయిండని చెప్పు. నా కొడుకు మనిషి."

మామ ఫోన్‌లో ఆ మాటే చెప్పాడు. చెబుతూ భోరుమన్నాడు. అప్పుడు అమ్మ కూడా ఏడ్చింది. ఊరు వచ్చేదాకా ఏడుస్తూనే ఉంది.