కొర్రీల మాస్టారి ఆకుపచ్చ పెన్సిలు

మా పెద్దబావ ఉద్యోగమేమిటో మా ఇంట్లో చాలా ఏళ్ళదాకా ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. పేటెంటు ఆఫీసులో పరీక్షాధికారి అంటే పిల్లలకు పరీక్షలు పెడతాడు కాబోలని మా అమ్మ అనుకునేది. అసలు సంగతి వేరు. ఎవరైనా ఒక కొత్త వస్తువు కనిపెట్టామని దరఖాస్తు పెడితే, అది నిజంగా కొత్తదేనా, ఇదివరకే ఎవరైనా చేశారా అని పాత కాగితాలన్నీ తిరగేసి, లోపం కనబడితే అభ్యంతరం రాయడం ఆయన పని. ఆ అభ్యంతరాలను వాళ్ళ ఆఫీసులో కొర్రీలంటారు. మా బావ వేసినన్ని కొర్రీలు ఆ మూడో అంతస్తులో ఇంకెవరూ వెయ్యలేదు. అందుకే అందరూ ఆయన్ని కొర్రీల మాస్టారు అనేవారు, ఆయన ఆ మాటకు లోలోపల పొంగిపోయేవాడు.

రెండు తీగలను కలిపే వస్తువేదైనా సరే, ముందు ఆయన బల్ల మీదికి రావలసిందే. ఆ బల్ల మీద ఒక స్కేలు, ఒక భూతద్దం, మూడు పెన్సిళ్ళు ఉండేవి. పాత సంగతి కనబడితే ఎర్రగీత, అర్థం కాకపోతే నీలంగీత, నిజంగా కొత్తదైతే ఆకుపచ్చగీత. ఎరుపు నెలకొకటి అరిగిపోయేది. ఆకుపచ్చది మాత్రం కొన్నప్పుడు ఎంత పొడుగుందో అంతే ఉండేది.

ఇక చిన్నబావ. మా చిన్నక్క మొగుడు, అంటే పెద్దబావకు తోడల్లుడు. ప్రింటర్లు తయారుచేసే కంపెనీలో రిపేరు విభాగంలో పనిచేసేవాడు. చదువు అంతంతమాత్రం. కానీ మా ఇంట్లో ఏది పాడైనా మా అమ్మ నోట మొదట వచ్చేది ఆయన పేరే. ఒకసారి మిక్సీ ఆగిపోతే పెద్దబావ కాగితం మీద బొమ్మ గీసి, లోపల ఏమై ఉంటుందో అరగంట వివరించాడు. చిన్నబావ వచ్చి, అడుగు విప్పి, ఒక తీగ బిగించి, చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. మిక్సీ గిర్రున తిరిగింది. "వాడి చేతిలో ఏదో ఉందే" అని మా అమ్మ మురిసిపోతుంటే, పెద్దబావ ముఖం మాడిపోవడం నేను చూశాను.

దీన్ని అసూయ అనడం మర్యాద కోసం. మా ఇంటి భాషలో కుళ్ళు. చిన్నబావ కొత్త చొక్కా వేసుకున్నా, పిల్లలు ఆయన చుట్టూ మూగినా, చివరికి ఆయన హాయిగా నిద్రపోయినా పెద్దబావకు కడుపు మండేది. ఆ మంట చెప్పుకోవడానికి ఆయనకు దొరికినవాణ్ణి నేనొక్కణ్ణే. చిన్నబావ తన సంతోషాలు చెప్పుకునేదీ నాతోనే. ఇద్దరు బావల మధ్య బావమరిదిగా బతకడమంటే ఏమిటో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

అలాంటి పెద్దబావ బల్ల మీదికి ఒక ఉదయం పద్దెనిమిది పేజీల దరఖాస్తు వచ్చింది. ప్రింటరులో సిరా చల్లే భాగం అటూ ఇటూ పరుగులు పెడుతుంటుంది కదా, దానికి కరెంటు తీసుకెళ్ళేది పలచటి, మెత్తటి పట్టీలాంటి తీగ. ఆ పట్టీ కొసను పట్టుకునే కనెక్టరుకు చిన్న మూత ఉంటుంది. పట్టీ కాస్త ఏటవాలుగా దూరినా మూత మూసుకుపోతుంది, పైకి అంతా బాగానే ఉన్నట్టుంటుంది, నెల తిరక్కుండానే ప్రింటరు మొరాయిస్తుంది. ఈ దరఖాస్తులో పట్టీకి రెండు అంచులా రెండు గాట్లు, మూతకు రెండు బుల్లి కొక్కేలు పెట్టారు. పట్టీ తిన్నగా ఉంటేనే కొక్కేలు గాట్లలో కూర్చుంటాయి. వంకరగా ఉంటే మూత పడనే పడదు. బిగించేవాడి వేలికే తెలిసిపోతుంది.

దరఖాస్తు కంపెనీ పేరు మీద ఉంది. కింద, కనిపెట్టినవాడి పేరు దగ్గర, తోడల్లుడి పేరుంది.

ఆఫీసులో దీనికో నియమం ఉంది. దరఖాస్తు చుట్టాలదైతే ఒక ఫారం నింపి, ఫైలును ఇంకొకరికి అప్పగించాలి. పెద్దబావ ఫారం తీశాడు. దాన్ని సొరుగులో పెట్టి సొరుగు మూసేశాడు. "అన్యాయం చేద్దామని కాదురా, నా పని నేను శ్రద్ధగా చేద్దామనే" అని తర్వాత నాతో అన్నాడు. అన్నప్పుడు నా కళ్ళలోకి చూడలేదు.

మూడు వారాలు తిండి ధ్యాస కూడా లేకుండా ఆ పద్దెనిమిది పేజీలూ చదివాడు. పద్నాలుగు కొర్రీలు వేశాడు. ఏడో బొమ్మలో కొక్కెం ఎడమవైపు ఉంటే వివరణలో కుడివైపు అన్నారని ఒకటి, 'తగినంత లోతు' అంటే ఎంతో చెప్పలేదని ఒకటి. ఆ ఆఫీసు ఉత్తరాల మీద విభాగం సంఖ్యే తప్ప మనిషి పేరుండదు.

తర్వాతి ఆదివారం అందరం మా ఇంట్లో భోజనాల దగ్గర కూర్చున్నాం. చిన్నబావ ఉండబట్టలేకపోయాడు.

"అన్నయ్యగారూ, నేనొకటి కనిపెట్టాను. మీ ఆఫీసుకే వచ్చింది. మీదాకా వచ్చిందో లేదో."

"బోలెడు వస్తుంటాయి. ఎవరిది ఎవరి దగ్గరికి పోతుందో ఎవడికి తెలుసు" అన్నాడు పెద్దబావ, కంచంలోంచి తలెత్తకుండా.

"పేటెంటొస్తే నన్ను రిపేరు బల్ల మీంచి డిజైను గదిలోకి తీసుకుంటామన్నారు. రాకపోతే ఇక ఈ జన్మకి స్క్రూడ్రైవరే. కానీ ఎవరో మహానుభావుడు పద్నాలుగు కొర్రీలు వేశాడండీ!"

"అంత కక్షేమిటమ్మా వాడికి!" అంది మా అమ్మ.

"కక్ష కాదత్తయ్యా. మా ఆఫీసులో ఒక్కడూ మొదటి పేజీ దాటలేదు. ఈయన ప్రతి అక్షరం చదివాడు. కుడీ ఎడమా తేడా నాకే తెలీదు, ఆయన పట్టుకున్నాడు. నేను రాసింది అంత ఇదిగా చదివిన మనిషి నాకింతవరకూ తగల్లేదు."

పెద్దబావ మంచినీళ్ళు తాగి లేచిపోయాడు. పొగడ్త కూడా ఆయనకు నిప్పులా తగిలింది.

చిన్నబావ, కంపెనీ తరఫున పేటెంటు వ్యవహారాలు చూసే ఏజెంటు చేత పదమూడు కొర్రీలకు చక్కగా సమాధానాలు పంపించాడు. పద్నాలుగోది, ఇది నిజంగా కొత్తదేనా అన్నది మిగిలింది. దాని కోసం పెద్దబావ వెతుకుతూ వెతుకుతూ, ముప్పయ్యేళ్ళ కిందటి ఒక కాగితం పట్టుకున్నాడు. అందులోనూ గాట్లున్నాయి, కొక్కేలున్నాయి. ఆ సాయంత్రం నేను పనిచేసే బడి దగ్గరికొచ్చి మరీ నన్ను కలిశాడు. పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నాడు.

"దొరికిందిరా! మీ చిన్నబావ కనిపెట్టిందేం లేదు. ఎవడో ఎప్పుడో చేసేశాడు."

"ఆ పాతదాంట్లో కూడా వంకరగా పెడితే మూత పడదా బావా?"

నేను లెక్కల మాస్టారిని. ఊరికే అడిగాను. ఆయన ముఖంలో వెలుగు టక్కున ఆరిపోయింది. "అది అందులో రాయలేదు. కానీ గాట్లుంటే అలాగే అవుతుంది కదా" అని వెళ్ళిపోయాడు. ఫైలు ఆయన దగ్గరే ఉందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. చిన్నబావకు చెప్పాలి. చెప్పలేదు. ఇందులో నా తప్పు అది.

మర్నాడు ఆయన పాత కాగితంలోని కొలతలను పదింతలు పెంచి, అట్టముక్కలు కత్తిరించి ఆ కనెక్టరు తయారుచేశాడు. జీవితంలో చేత్తో చేసిన మొదటి వస్తువు. కాగితం పట్టీని వంకరగా దూర్చి మూత వేశాడు. మూత పడింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ పడింది. పాతదాంట్లో గాట్లు పట్టీ ఊడిపోకుండా ఉండడానికే తప్ప, వంకర పట్టుకోవడానికి పనికిరావు. చిన్నబావది కొత్తదే. అది తెలిసి కూడా పెద్దబావ, 'పాత అమరికలోనూ అదే ఫలితం తప్పనిసరిగా వస్తుంది' అని రాసి పంపేశాడు.

కంపెనీ ముఖాముఖి విచారణ కోరింది. ఆ రోజు పెద్ద బల్లకు ఒక పక్క తీర్పు చెప్పే కంట్రోలరు మేడమ్, ఆమె పక్కన మా పెద్దబావ. ఏజెంటు ఒక్కడే వస్తాడనుకున్నాడు. ఏజెంటు వెనక, చేతిలో నమూనా ఉన్న చిన్న డబ్బాతో, చిన్నబావ వచ్చాడు.

గుమ్మంలో ఒక్క క్షణం ఆగాడట. తోడల్లుడి ముఖం చూశాడు, ముందున్న ఫైలు చూశాడు. అంతా అర్థమైంది. తర్వాత తలవంచి, "నమస్కారం సార్" అన్నాడు. అన్నయ్యగారూ అనలేదు. చుట్టమని ఒక్క మాట బయటపెడితే పెద్దబావ ఉద్యోగానికే ముప్పు. ఆ మాట మింగేసి, ఎవరో కొత్తవాడి ముందు కూర్చున్నట్టు కూర్చుని డబ్బా తెరిచాడు.

"అక్కడ తట్టుకోలేకపోయానురా" అన్నాడు పెద్దబావ తర్వాత నాతో. "పేటెంటు పోతుందని తెలిసీ నన్ను కాపాడుతున్నాడు. పనిలో నన్ను మించాడు, సరే. మంచితనంలో కూడా మించిపోతాడా? అది మాత్రం వాడికి దక్కనివ్వకూడదనిపించింది."

లేచి నిలబడ్డాడు. "మేడమ్, ఈయన నా తోడల్లుడు. ఏడు నెలల కిందటే చెప్పాల్సింది, చెప్పలేదు" అన్నాడు. జేబులోంచి అట్ట కనెక్టరు తీసి బల్ల మీద పెట్టాడు. "పాతదాంట్లో పట్టీ వంకరగా ఉన్నా మూత పడుతుంది. చేసి చూశాను. తెలిసే తప్పు రాశాను."

మెమో వచ్చింది. ఆయన్ని పరీక్షల నుంచి తప్పించి, కిందంతస్తులో పాత రికార్డుల గదికి వేశారు. ఫైలు ఇంకొకరికి పోయింది. చిన్నబావ మా ఇంటికి రావడం మానేశాడు. అడిగితే ఒక్కటే అన్నాడు: "కొర్రీలకి కోపం లేదురా. చేసి చూసి కూడా రాశాడే, దానికి."

తొమ్మిది నెలలకు పేటెంటు వచ్చింది. ఆ వారమే చిన్నబావ, చెప్పాపెట్టకుండా, పెద్దబావ ఇంటికొచ్చాడు. నేనక్కడే ఉన్నాను. కాగితాలు ఆయన ముందు పెట్టాడు.

"వచ్చింది. డిజైను గదిలో కుర్చీ కూడా ఇచ్చారు. కానీ కొత్తాయన ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. చదివాడన్న నమ్మకం నాకు లేదు. మీరొకసారి చూడండి."

పెద్దబావ లోపలికి వెళ్ళి, ఆఫీసు నుంచి తెచ్చుకున్న సంచీలోంచి ఆకుపచ్చ పెన్సిలు వెతికి తెచ్చాడు. మేం కాఫీలు తాగి, ఆ గ్లాసులు కడిగిందాకా పద్దెనిమిది పేజీలూ చదివాడు. పదకొండో పేజీలో, పట్టీ వంకరగా ఉంటే మూత పడదన్న వాక్యం కింద, స్కేలు పెట్టి ఆకుపచ్చగీత గీశాడు.

"కొర్రీ ఏమీ లేదు" అన్నాడు.

చిన్నబావ ఆ గీతను చాలాసేపు చూసి, కాగితాలు జాగ్రత్తగా మడిచి, "వస్తానన్నయ్యగారూ" అని లేచాడు. ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాక నేనడిగాను.

"ఏం బావా, ఇప్పటికైనా చల్లబడిందా?"

పెన్సిలు మొన చూసుకుంటున్నాడు. కొద్దిగా అరిగింది.

"లేదురా" అన్నాడు. "ఇంకా మండుతూనే ఉంది. కానీ బాగా చేశాడు."