చెల్లెలి పేరు అంటించిన డబ్బీ

కొన్నేళ్ళుగా ఈ బరువు మోస్తున్నాను. దించుకోవడానికి ఇంట్లో చోటు లేదు. మీకు నేనెవరో తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది తమిళనాడులోని రాజపాళయం. నేనూ చెల్లెలూ అన్నదమ్ములను చేసుకుని ఒకే ఇంటికి కోడళ్ళమయ్యాం. పక్కూరు సత్రపట్టిలో మా అత్తింటివాళ్ళకు బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గాలున్నాయి. మా అమ్మకు కీళ్ళవాతం. వేళ్ళు వంకర తిరిగి, గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగేది. ఆమెను చూసే మదురై డాక్టరమ్మ ఒకసారి మా ఇద్దరినీ కూర్చోబెట్టింది. ఈ జబ్బు వచ్చేవాళ్ళలో కొందరికి, కీళ్ళు వాచడానికి ముందే పేగుల్లోని సూక్ష్మజీవులు మారిపోతాయట. ఖాయంగా చెప్పలేం, పరిశోధన చేస్తున్నాం, మీ మలం నమూనాలు ఇస్తారా అని అడిగి చెరో డబ్బీ ఇచ్చింది.

అప్పటికే కొన్ని పొద్దుల్లో నా వేళ్ళు బిగుసుకునేవి. ఎవరికీ చెప్పలేదు. డబ్బీలు ఇవ్వాల్సిన రోజు ఆసుపత్రి వరండాలో చెల్లెలు నీళ్ళు తాగడానికి లేచింది. రెండు డబ్బీలూ నా ఒళ్ళోని సంచిలో ఉన్నాయి. పేర్లు రాసిన చీటీలు గోటితో లాగితే వచ్చేశాయి. అటుది ఇటు, ఇటుది అటు అంటించాను. ఎందుకు? నాకు రాకూడదనుకున్నాను, అంతే. అంతేనా? అమ్మ ఎప్పుడూ చిన్నదాని చేతి ముద్దే అడిగేది, నా చేతిది ఏనాడూ అడగలేదు, ఆ కోపం నా గోటిలో లేదని ఒట్టేసి చెప్పగలనా? చెప్పలేను.

చెల్లెలి పేరున్న డబ్బీలో, జబ్బుకు ముందు కనబడే రకం సూక్ష్మజీవులు ఎక్కువగా ఉన్నాయన్నారు. జబ్బు వచ్చి తీరుతుందని కాదు, ఇది అంటుకునేదీ కాదు, ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోండి అని డాక్టరమ్మ నచ్చజెప్పింది. చెల్లెలి చెవికెక్కలేదు. అంతవరకూ పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ పోసి పిసికి, అందరి చేతుల్లో ముద్దలు పెట్టేది ఆమే. ఆ రోజు నుంచి మానేసింది. తన కంచం, తన లోటా వేరు చేసుకుంది. కన్నకొడుక్కి కూడా దూరంగా కూర్చుని స్పూనుతో పెట్టేది. నేను చూస్తూ ఊరుకున్నాను.

ఒక పొద్దున వంటింట్లో ఆమె గొంతు వినబడింది. పక్కన ఎవరూ లేరు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, తల వంచి గుసగుసలాడుతోంది.

“ఎవురితో మాట్లాడతా ఉండావే?”

“లోపల ఉండేవాటితో అక్కా. బిడ్డల దగ్గరికి పోవద్దని చెప్తా ఉండా. చెప్తే వింటాయి. ఇంతవరకు ఎవురి దగ్గరికీ పోలేదు.”

ఆమె మాట్లాడుతున్నవి ఆమెలో లేవు. అప్పుడే నా కడుపులో గుడగుడమంది. ఆకలే అయ్యుంటుంది. కానీ ఆమె మళ్ళీ ఏదో గొణిగింది, నాలో మళ్ళీ కదిలింది. అప్పటి నుంచి ఆమె ఉన్న గదిలో నాకు కూర్చోబుద్ధి కాదు. అవి బదులు పలకడం ఆమె వింటుందేమోనని భయం.

ఆర్నెల్లకోసారి ఆమె మదురై వెళ్ళేది. రక్తంలో ఏమీ లేదనేవారు. నేను వెళ్ళలేదు. నా పేరు మీద ఏ అనుమానమూ లేదు కదా. పోయిన నెల నా మణికట్లు వాచాయి. డాక్టరమ్మ చూసి, మీ అమ్మ జబ్బేనంది, ముందే వచ్చుంటే బాగుండేదంది.

ఇంటికొచ్చాక చెల్లెలు గోడవార నిలబడి ఏడ్చింది. “నాదే నీకు అంటుకొనిందక్కా. ఎంత జాగ్రత్తగా ఉండినా తప్పించుకొని వచ్చేసినాయి. నన్ను మన్నించక్కా.”

చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచాను. “పోనీలేవే, నువ్వేం కావాలని చేసినావా” అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆమె చేయని తప్పుకి ఆమెను మన్నించాను.

ఆ డబ్బీ నాది. చీటీలు మార్చింది నేను. రాస్తుంటే వేళ్ళు సలుపుతున్నాయి, అయినా గుండె కాస్త తేలికైంది. నాకు తేలికైతే ఆమెకేం లాభం? ఇప్పుడు కూడా వంటింట్లోంచి ఆమె గొంతు వినబడుతోంది. అక్కను విడిచిపెట్టి మళ్ళీ నా దగ్గరికే వచ్చేయండని వాటిని బతిమాలుతోంది.