మగ్గం గుంత లేని ఇల్లు

రామదాసు కుటుంబం ఏ ఊరు మారినా అతని భార్య నాగలక్ష్మమ్మది ఒకటే పట్టు. నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంత ముందు తవ్వాలి, ఆ తర్వాతే కొత్త ఇంట్లో పాలు పొంగించాలి. ధర్మవరంలో పట్టుచీరల పని పడిపోయి సోమందేపల్లెకు వచ్చినప్పుడూ అట్లాగే చేసింది. అక్కడా నేత కూడు పెట్టలేదు. కొడుకు ఆనంద్ జీన్స్ కుట్టే పని పట్టుకుంటే అందరూ రాయదుర్గం చేరారు.

ఈ ఇంట్లో నేలంతా బండలు. తవ్వితే ఖాళీ చేయాల్సిందేనన్నాడు, మనుషుల మీద లేని ప్రేమ బండల మీద ఉన్న ఇంటి యజమాని. విప్పిన మగ్గం కొయ్యలను గోడకు ఆనించి, పాలు పొంగించకుండానే కాపురం పెట్టింది నాగలక్ష్మమ్మ.

"ఇంగెప్పుడు పొంగిస్తావు మా?" అని కూతురు హేమావతి అడిగితే, "ఇది ఇల్లామే? బస్టాండు. బస్సు రాంగానే పోయేటోళ్లం" అనేది.

ఒకరోజు నాగలక్ష్మమ్మ సంత నుంచి వచ్చేసరికి గోడ బోసిగా ఉంది. రామదాసు ఆ కొయ్యలు కోసి బల్ల చేస్తున్నాడు. ఆనంద్ తల వంచుకుని మేకులు అందిస్తున్నాడు.

"ఏమప్పా, నీకు చేతులెట్ల వచ్చినాయి?"

"మిషన్ పెట్టుకునేకి పిల్లోనికి బల్ల లేదు గదమే. మగ్గం కూడు పెట్టలా, బల్లన్నా పెట్టనీ."

ఆమె నోటికి జడిసి వీధి వీధే తప్పుకునేది. ఆరోజు మాత్రం ఆమె చీపురు తీసుకుని నేల ఊడ్చింది. రంపం పొట్టులో ఎర్రటి పట్టుపోగు ఒకటి కనబడితే తీసి కొంగున ముడేసుకుంది. హేమావతిని పాలకు పంపింది.

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

"ఇంగ యాడికీ పోయేది లేదు" అంది, ఎవరి ముఖమూ చూడకుండా.