ఎథెల్ మూయించిన ముందుగది

క్లిఫర్డ్ హోల్‌రాయిడ్ గదిని వెచ్చబెట్టే రేడియేటర్ మీద అరచెయ్యి పెట్టడు. చేతి వెనకవైపు ఆనిస్తాడు. యాభై ఏళ్ల పనిలో అరచేతులు మొద్దుబారిపోయాయి, వాటిని నమ్ముకుంటే పని చెడుతుందంటాడు. హాలిఫాక్స్ కొండవాలు వీధుల్లో సగం ఇళ్లకు వేడినీళ్ల గొట్టాలు వేసింది ఆయనే. ఇప్పుడు డెబ్బై ఆరేళ్లు, మోకాళ్లు మాట వినవు. అయినా ఐరిస్ ఫోన్ చేయగానే సంచి భుజాన వేసుకుని వచ్చేశాడు.

ఐరిస్ భర్త స్టాన్లీ, క్లిఫర్డ్‌కు చిన్ననాటి స్నేహితుడు. ఛాతీ జబ్బుతో స్టాన్లీ నెల్లాళ్లుగా ఆసుపత్రిలో ఉన్నాడు. ఇక మెట్లెక్కలేడని మంచం ముందుగదిలో వేయించింది ఐరిస్. ఆ గది వెచ్చగా ఉంటేనే శుక్రవారం ఇంటికి, లేకపోతే వృద్ధాశ్రమానికేనని నర్సు తేల్చి చెప్పింది. ఇవాళ బుధవారం. ఇల్లంతా వెచ్చగానే ఉంది, ఆ ఒక్క రేడియేటరే మంచుముద్ద.

"ఇద్దరొచ్చి చూశారు క్లిఫ్. గాలి తీశారు, పంపు మార్చారు. గొట్టం పూడుకుపోయింది, నేల తవ్వాలి, మూడు వారాలు పడుతుందన్నారు."

"నా గొట్టమా పూడుకుపోయేది? అది వేసేనాటికి వాళ్ల నాన్నలకి మీసాలు కూడా రాలేదు."

మూలుగుతూ మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఒక కొసన గొట్టం కాలుతోంది, రెండో కొసన చల్లగా ఉంది. ఆ చల్లటి కొసనున్న ప్లాస్టిక్ మూత ఊడదీశాడు. లోపలి కవాటం బిగించి మూసేసి ఉంది. అంత గట్టిగా బిగించే చెయ్యి ఎవరిదో ఆయనకు తెలుసు.

అప్పుడు గుర్తొచ్చింది. పంతొమ్మిది వందల డెబ్బై రెండు, ఈ ఇంటికి గొట్టాలు వేసిన రోజులు. స్టాన్లీ తల్లి ఎథెల్ చేతిలో అల్లం కేకు పళ్లెం. ముందుగది అంటే పాదిరిగారికి, క్రిస్మస్‌కి, శవపేటికకి. మామూలు రోజుల్లో మనుషులకు కాదు.

"ఖాళీ గదికి వేడేంటి, పాపం కాదూ? మావాడు తిప్పలేకుండా మూసెయ్ అబ్బాయ్. వాడికి చెప్పకు."

మూసేశాడు. కేకు తిన్నాడు. మర్చిపోయాడు. పండక్కి అక్కడ బొగ్గుల పొయ్యి వెలిగించేవాళ్లు గనుక ఎవరూ అడగలేదు. క్లిఫర్డ్‌కు సిగ్గేసింది. ఆ వెనకే, ఎప్పుడో పోయిన ఆ గయ్యాళి ముసలమ్మ మీద బెంగా పుట్టింది.

"నేల తవ్వక్కర్లేదు ఐరిస్. తవ్వాల్సింది నా బుర్రని."

యాభై ఏళ్లు కదలని ఇత్తడి. విరిగిందంటే శుక్రవారం మాట మర్చిపోవాల్సిందే. స్పానర్ వేసి వెంట్రుకవాసి అటు, అందులో సగం ఇటు తిప్పాడు. ఐరిస్ ఇచ్చిన టీ చల్లారిపోయింది. చివరికి లోపల నీళ్లు గుసగుసలాడాయి. చేతి వెనకవైపు ఆనించి కూర్చున్నాడు. మెల్లగా, అడుగు నుంచి పైకి, ఇనుము వెచ్చబడింది.

శుక్రవారం స్టాన్లీ వచ్చాడు. క్లిఫర్డ్ జరిగిందంతా చెప్పాడు. స్టాన్లీ దుప్పట్లోంచి చెయ్యి చాపి, రేడియేటర్‌ను చాలాసేపు తడిమాడు.

"తగ్గించరా. అమ్మ చూసిందంటే ఇద్దరి వీపులూ విమానం మోతే."

క్లిఫర్డ్ పాత అలవాటు కొద్దీ గుమ్మం వైపు చూశాడు. స్పానర్ మాత్రం సంచిలోంచి తీయలేదు.