రాతి బుద్ధుడికి వెండి కళ్ళు

మా ఇంటికి రంగులేసిన యేసుదాసు రాత్రి ఫోన్ చేశాడు. "సారూ, మా అలియాబాద్ అవతల బండ మీద పాత బుద్ధుని బొమ్మలున్నయన్న గద. రేపు వాటికి పసుపచ్చ పెయింటు ఏస్తున్న. అసలు మొకం సూడాల్నంటే జల్దీ రాండ్రి." వందల ఏళ్ళ నాటి శిల్పానికి పెయింటా!

పొద్దున ఆరింటికే జూబ్లీ బస్టాండులో కరీంనగర్ బస్సెక్కాను. పక్క సీటాయన సంగతంతా విని, "షామీర్‌పేట దిక్కు ప్లాటు కోసమైతే పోతరు గనీ, బండ సూడనీకి ఎవలన్న పోతరా?" అని జాలిపడ్డాడు. ఏడు దాటాక అలియాబాద్‌లో దిగి, ఇంత ఉప్మా తిని, యేసుదాసు స్కూటరెక్కాను. వెళ్ళదలచినవారు నీళ్ళ సీసా మరవకండి, బండ దగ్గర దుకాణాలేవీ లేవు.

తుప్పల మధ్య నిలువు బండ, దాని మీద చెక్కిన బుద్ధులు ఇద్దరు. ఒకరు పద్మాసనంలో, ఒకరు నిలబడి. ముక్కులు అరిగిపోయాయి, మూసిన కనురెప్పలు లీలగా మిగిలాయి. ఊరివాళ్ళకు మాత్రం వీళ్ళు పోచమ్మ అక్కాచెల్లెళ్ళు. కూర్చున్నాయనకు ఎర్రచీర కూడా చుట్టారు. అంత శాంతంగా చీర కట్టించుకున్న మగాణ్ణి నేనింకెక్కడా చూడలేదు.

యేసుదాసు డబ్బా మూత తియ్యబోతుంటే అడ్డుపడ్డాను. రంగు పురమాయించిన మల్లవ్వ కస్సుమంది. "మా మనుమరాలికి సోమారం కండ్ల ఆపరేషనుంది. అమ్మకు రంగేపిచ్చి కండ్లు దిద్దిపిస్తనని మొక్కిన. అమ్మకే కండ్లు సక్కగ లేకపోతె పిల్లనెట్ల సూస్తది?"

దారంతా సిద్ధం చేసుకున్న ఉపన్యాసం పక్కన పెట్టాను. అయినా మనసొప్పదే! "రంగు వానలకు పోతుందవ్వా. వెండి కళ్ళు పెడదాం" అన్నాను.

అవ్వ రెండు బొమ్మల వైపూ వేలు చూపించింది. "రెండు జతలు తేవాలె మరి. అక్కకు పెడితె చెల్లె అలుగుతది."

మేడ్చల్ వెళ్ళి కళ్ళు తెచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. తీరా చూస్తే అంటించే మైనం మరిచిపోయాం. యేసుదాసు స్కూటరు డిక్కీ గాలించి, చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్క తీశాడు. "ఏంది సారూ నవ్వుతున్నరు? ఇదీ మైనమే గద." మల్లవ్వ నాలుగు కళ్ళూ అంటించి, బండకు తల ఆనించి బావురుమంది. నాకూ ఏడుపొచ్చింది.

తిరుగు బస్సు అల్వాల్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ఫోన్లో ఫొటో చూసుకున్నాను. ఇన్నేళ్ళుగా హాయిగా కళ్ళు మూసుకుని కూర్చున్న మనిషి, గుడ్లు మిటకరించి నన్నే చూస్తున్నాడు. నవ్వాగలేదు. ఆ నవ్వులోనే చేతులు జోడించాను. స్వామీ, బుద్ధుడివో పోచమ్మవో, ఎలాగూ కళ్ళు తెరిపించాం. సోమవారం ఆ పిల్లను కాస్త చూసుకో.